నాలుగింటిలోపు

టాక్సీ తలుపు తియ్యగానే ఎండ మొహాన కొడుతుంది. మే నెల చివరి వారం. ఉదయం తొమ్మిదిన్నరకే దుబాయ్‌లో బయట నిలబడటం కష్టంగా ఉంది. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో పాప చెయ్యి. హైదరాబాద్ నుంచి మీరిద్దరూ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మీ ఆయన జబల్ అలీలో సైటు మీద ఉన్నారు, సాయంత్రం దాకా కదలడానికి లేదు. బడి చూసే పని ఇవాళ మీ మీద పడింది.

గేటు పక్కన గోడంతా బ్యానరు. పెద్ద అక్షరాల్లో 'అవుట్‌స్టాండింగ్', దాని కింద చిన్నగా 2023-24.

ఎవరిచ్చారు ఈ మాట? ఇక్కడి ప్రైవేటు బడులన్నీ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ అదుపులో ఉంటాయి. దాని తనిఖీ బృందాలు 2008 నుంచి బడి బడికీ వెళ్లి మార్కులేశాయి. ఇప్పటి లెక్కలో మెట్లు ఆరు. అన్నిటికంటే పైది అవుట్‌స్టాండింగ్, అడుగున వెరీ వీక్. ఫీజు ఎంత పెంచుకోవచ్చో తేల్చేదీ ఆ సంస్థే. 2024-25లో పూర్తి తనిఖీలు జరపలేదు. అందుకే చాలా గేట్ల మీద ఆ పాత సంవత్సరమే కనిపిస్తుంది. అప్పుడు పాఠం చెప్పిన టీచర్లు ఇప్పుడూ లోపల ఉన్నారా? ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని రిజిస్టరు దగ్గరికి నడుస్తారు.

"తెలుగోళ్లా అక్కా?"

సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న మనిషి. మీరు పాపను మందలించడం విన్నట్టున్నాడు. ఊరు జగిత్యాల అంటాడు. మీ పిల్లలూ ఇక్కడేనా అని అడుగుతారు మీరు.

"ఏడక్కా. నాలుగు వేల దిర్హాల జీతముంటెనే ఫ్యామిలీ వీసా. రూము కంపెనీదైతె మూడు వేలు. మనకేడొస్తయి. నా బిడ్డ ఊళ్లనే సదువుతున్నది. ఐదుకొచ్చింది."

మీ పాపదీ ఐదో తరగతే. ఆ మాట మీరు పైకి అనలేరు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ ఎంపిక దాకా వచ్చే వీలే లేదు. వాళ్లు పంపిన డబ్బుతో పిల్లలు ఊళ్లో చదువుతారు, తండ్రి రెండేళ్లకోసారి వచ్చి ఎత్తు చూసుకుంటాడు. మీ చేతిలో ఉన్న ఫైలు బరువు ఒక్కసారిగా పెరుగుతుంది.

అతను పాస్ చేతికిస్తూ గొంతు తగ్గిస్తాడు. "అక్కా, ఏ బడికన్న పోండ్రి. పొద్దుగాల సూసెతందుకు వొచ్చినోళ్లకు అన్నీ మంచిగనే కనవడతయి. ఇంటిబెల్లు కొట్టినంక గేటుకాడ నిలవడి సూడుండ్రి."

లోపల చల్లగా ఉంది. అడ్మిషన్స్ ఆవిడ నవ్వుతూ ఎదురొస్తుంది. నీలం రంగు ఈతకొలను. సంగీతం గది. నేల మీద మెత్తలు పరిచిన లైబ్రరీ. తరగతి గది అద్దంలోంచి చూస్తారు. పిల్లలు నలుగురేసి బల్లల చుట్టూ కూర్చున్నారు. టీచరు మోకాళ్ల మీద వంగి ఒక కుర్రాడి మాట వింటోంది, తొందరపెట్టడం లేదు. అతను తప్పు చెబుతాడు. ఎందుకలా అనుకున్నావని మళ్లీ అడుగుతోంది. మీ చదువు రోజుల్లో అలా అడిగినవాళ్లు లేరు. పాప మీ చెయ్యి వదిలి అద్దానికి ముక్కు ఆనిస్తుంది.

"మీ అమ్మాయిని ఇయర్ సిక్స్‌లో కూర్చోబెడతాం," అంటుంది ఆవిడ.

ఆరా? నాలుగు ఇప్పుడే కదా అయింది? గాభరా పడకండి. ఇది బ్రిటిష్ సిలబస్. వాళ్ల ఇయర్ వన్‌లో పిల్లలు ఐదేళ్లకే చేరతారు. అందుకే మన తరగతికి ఒకటి కలిపితే వాళ్ల ఇయర్ వస్తుంది. వాళ్ల సంవత్సరం మొదలయ్యేది ఆగస్టు చివర. అప్పటిదాకా పాప ఇంట్లోనే. దుబాయ్‌లో భారతీయ సిలబస్ బడులు మాత్రం మన దగ్గరలాగే ఏప్రిల్లో తెరుస్తారు. అంటే అక్కడ ఇప్పటికే పాఠాలు నడుస్తున్నాయి, సీట్లు నిండి ఉన్నాయి. అందుకే ముందు ఇక్కడికి వచ్చారు.

మనసులో దాచుకున్న ప్రశ్న అడిగేస్తారు. పోయినేడాది ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారు?

ఆవిడ ఇబ్బంది పడదు. తనిఖీ రిపోర్టు మొదటి పేజీల్లోనే ఉంటుంది చూడండి అంటుంది. ఫోన్లో తెరుస్తారు. నలుగురిలో ఒకరు. ఇందులో బడి తప్పేమీ లేదు. ఈ ఊళ్లో టీచరు కూడా మీ ఆయనలాగే వీసా మీద వచ్చిన మనిషి. కాంట్రాక్టు అయ్యాక ఇంకో దేశం పిలుస్తుంది. కాని మీ పాప మాత్రం, పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్న టీచరును ఏడాది తిరక్కుండానే పోగొట్టుకోవచ్చు. ఏ బడికి వెళ్లినా ఆ అంకె చూడండి. ఈతకొలను కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఫీజు కాగితం బల్ల మీదికి వస్తుంది. 52,000 దిర్హాలు. దిర్హం ఇరవైమూడు రూపాయలనుకున్నా పన్నెండు లక్షలకు దగ్గర. బస్సు వేరు. యూనిఫాం వేరు. టాబ్లెట్ వేరు. కంపెనీ ఇచ్చే అలవెన్సు ఇందులో సగానికి కూడా రాదు. ఈ ఊళ్లో ఏడాదికి పదివేల దిర్హాల లోపు తీసుకునే భారతీయ బడులున్నాయి, పై తరగతులకు తొంభై వేలు దాటే బ్రిటిష్, ఐబీ బడులూ ఉన్నాయి. ఇది మధ్యలోది.

పాపను లోపలికి తీసుకెళతారు. క్యాట్ ఫోర్ పరీక్ష. మాటలు, అంకెలు, బొమ్మలు, ఆకారాలు. చదివి రాసేది కాదు, ఆలోచన ఎలా నడుస్తుందో చూసేది. తలుపు మూసుకుంటుంది. బయట సోఫాలో మీరు. పక్కన ఒక ఈజిప్టు తల్లి, ఆమె పక్కన ఒక ఫిలిప్పీన్స్ తండ్రి. ముగ్గురి చేతుల్లోనూ ఒకే రకం ఫైలు. ఎవరూ మాట్లాడరు.

బయటికి వచ్చిన పాప మొహం వెలిగిపోతోంది. "అమ్మా, బొమ్మలు తిప్పడం భలే ఉంది!"

ఆవిడ వెంటనే వస్తుంది. పాస్. ఆ తరగతిలో ఒక్క సీటే ఉంది. డిపాజిట్ పది శాతం, 5,200 దిర్హాలు. కడితే ఫీజులో తగ్గిస్తారు. చేరకుండా మానుకుంటే వెనక్కి రాదు. లింకు మీ ఫోనుకు వస్తుంది. గడువు సాయంత్రం నాలుగు.

టైము పన్నెండున్నర.

మీ ఆయనకు ఫోన్ చేస్తారు. ఎత్తరు. క్రేన్ పని మీద ఉన్నట్టున్నారు. కట్టేద్దామా? వేలు లింకు మీద ఆగి ఉంది. సెక్యూరిటీ అతని మాట గుర్తొస్తుంది. ఇంటిబెల్లు. టాక్సీ ఎక్కి ఊద్ మేథా పోనిమ్మంటారు.

ఊద్ మేథా భారతీయ బడుల పేట. 1961లో మొదలైన ఇండియన్ హైస్కూల్ ఇక్కడే ఉంది. మీరు దిగింది ఆ చుట్టుపక్కలే ఉన్న ఇంకో సీబీఎస్ఈ బడి ముందు. ఆఫీసులో జనం. కౌంటరు దగ్గర హిందీ, మలయాళం, తమిళం ఒకేసారి వినిపిస్తాయి. చల్లని గది కాదు, నవ్వులూ తక్కువే. ఐదో తరగతి గదిలో ముప్పై మందికి పైగా ఉన్నారు. అవతలి బడి గది ఇంతే పెద్దది, పిల్లలు మాత్రం చాలా తక్కువ. తేడా మీకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గోడ మీద భాషల జాబితా. మీ కళ్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతుకుతాయి. ఈ బడిలో తెలుగు లేదు. అవతలి బడిలోనూ లేదు. ఆ పని ఇంట్లో మీరే చెయ్యాలి, రోజూ, విసుగు రాకుండా. అరబిక్ మాత్రం రెండు చోట్లా తప్పదు. దుబాయ్ ప్రైవేటు బడుల్లో అరబ్బులు కాని పిల్లలు కూడా తొమ్మిదో తరగతి దాకా అరబిక్ చదవాలి. మీ పాప పక్కన కూర్చునేవాళ్లు ఒకటి నుంచే నేర్చుకుంటున్నారు. తనేమో సున్నా నుంచి.

టీచరు పాపను పిలిచి బోర్డు ముందు నిలబెడుతుంది. కుడి నుంచి ఎడమకు. గిన్నెలా వంగిన గీత, కింద ఒక చుక్క. 'బా'. పాప గీస్తుంది. చుక్క పైన పెడుతుంది. వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కుమంటారు. టీచరు అటు చూడదు, కోప్పడదు. "కిందికి దించు, ఇల్లు మారింది అంతే," అంటుంది ఇంగ్లిష్‌లో. పాప తుడిచి మళ్లీ పెడుతుంది.

కౌంటరు దగ్గర గుమస్తా ఉన్నదున్నట్టు చెబుతాడు. ఐదో తరగతిలో ఖాళీ లేదు. ఒక కుటుంబం ఇండియా వెళ్లిపోతోంది, టీసీ అడిగారు. అది ఖరారైతే సీటు మీకే. సోమవారం తెలుస్తుంది. మాట మాత్రం ఇవ్వలేను. మీరు తెచ్చిన టీసీ చూసి తల అడ్డంగా ఊపుతాడు. హైదరాబాద్ బడి సంతకం చాలదు. డీఈవో సంతకం కావాలి, ఆపైన మన విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్ర. మీ తమ్ముడికి ఫొటో తీసి పంపుతారు.

ఫీజు 13,000. డిపాజిట్ ఇప్పుడు అక్కర్లేదు.

రెండు గంటలు. ఇంటిబెల్లు కొడతారు.

నేల అదిరినట్టు పిల్లలు బయటికి వస్తారు. పసుపు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ఇంజన్ల వేడి, పైన ఎండ. నలభై డిగ్రీలు దాటింది. చెప్పుల కింద తారు మెత్తగా తగులుతోంది. గేటు పక్కన నీడలో నిలబడతారు. ఒక పిల్ల జడ ఊపుకుంటూ మీ పాప ముందు ఆగుతుంది. "నువ్వు తెలుగా? మాది విజయవాడ." పాప మొహం విచ్చుకుంటుంది. ఇద్దరూ గలగలా మొదలుపెడతారు.

ఫోన్ మోగుతుంది. అవతలి బడి నుంచి మెసేజి. ఆ సీటు కోసం ఇంకో కుటుంబం అడుగుతోంది, దయచేసి త్వరగా తేల్చండి. చదువుతారు. ఇంకోసారి చదువుతారు.

తలెత్తుతారు.

పాప లేదు.

పక్కన లేదు. గేటు దగ్గర లేదు. అందరిదీ ఒకే యూనిఫాం. మీ పాపది పసుపు గౌను. పసుపు. ఎటు చూసినా పసుపు బస్సులే. పిలుస్తారు. ఇంజన్ల మోతలో మీ గొంతు మీకే వినపడదు. మొదటి బస్సు తలుపు మూసుకుంటుంది. కదులుతుంది. అందులో ఉందా? పరిగెడతారు. అద్దాలు నల్లగా ఉన్నాయి. కనపడదు. రెండో బస్సు. లేదు. మూడోది. లేదు.

మీకు తెలిసిన వార్త ఒకటి గొంతులో అడ్డుపడుతుంది. 2022 సెప్టెంబరు. ఖతార్. నాలుగేళ్ల భారతీయ పాప. బస్సులో నిద్రపోయింది. ఎవరూ చూడలేదు. తలుపులు మూశారు. ఎండ. అంతే.

పరిగెడుతున్నారు. చెమట కళ్లలోకి దిగుతోంది. నాలుగో బస్సు. లేదు.

ఐదో బస్సు. తలుపు తెరిచే ఉంది. ఇంజను నడుస్తోంది. బస్సు కదలడం లేదు. మెట్ల మీద ఆయా. నేపాలీ మనిషి. చేతిలో అట్ట, దాని మీద జాబితా. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆమె వినదు. వేలితో తలలు లెక్కపెడుతోంది.

"ట్వంటీ టూ ఉండాలి. ట్వంటీ త్రీ ఉన్నారు."

మళ్లీ వెనక నుంచి మొదలుపెడుతుంది. ఒక్కో సీటు. ఒక్కో పేరు. కిటికీ పక్కన, విజయవాడ పిల్ల పక్కన, పసుపు గౌను. ఆయా చెయ్యి పట్టుకుని కిందికి దించుతుంది. "ఈ పాప నా లిస్టులో లేదు. ఎవరి పాప?"

నా పాప, అంటారు. ఏ భాషలో అన్నారో మీకే తెలీదు.

"బస్సు చూపిస్తానంది అమ్మా," అంటుంది పాప. గట్టిగా హత్తుకుంటారు. చెంప మీద ఒకటి ఇవ్వాలనీ ఉంటుంది. ఇవ్వరు.

ఊపిరి కుదుటపడ్డాక మీకొక ప్రశ్న వస్తుంది. లెక్క ఒకటి తగ్గి ఉంటే? అడుగుతారు. ఆయా మిమ్మల్ని బస్సెక్కించి చివరి సీటు దాకా నడిపిస్తుంది. అక్కడ ఎర్ర బటన్. ప్రతి ట్రిప్పు చివర ఇంజను ఆపాక ఎవరో ఒకరు వెనక దాకా నడిచొచ్చి ఇది నొక్కాలి. నొక్కకపోతే అలారం మోగుతుంది. నడిచి రావాలి కాబట్టి ప్రతి సీటూ కంట పడుతుంది. బటన్ ఈ ఊళ్లో ఇంకా చాలా బస్సుల్లో ఉండొచ్చు. డ్రైవరు హారన్ కొడుతున్నా బస్సును కదలనివ్వని మనిషి ఏ తనిఖీ రిపోర్టులోనూ కనపడదు. అవతలి బడిలో ఇలాంటి ఆయా లేదని మీరనలేరు. మీరక్కడ ఇంటిబెల్లు దాకా ఉండలేదు.

మూడుంపావు. మీ ఆయన ఫోన్ చేస్తారు. వెనక గాలి, ఎవరివో కేకలు.

"ఏమైంది? కట్టేశావా?"

"లేదండీ." పాప తప్పిపోయిన సంగతి ఇప్పుడు చెప్పరు. "మీ వీసా ఎన్నాళ్లు?"

"రెండేళ్లు. తెలుసుగా."

"బడి ఇంకా ఎనిమిదేళ్లు."

అవతల మాట ఆగుతుంది. ఆయనకు అర్థమైంది. మీరు ఇందాక టాక్సీలో ఫైలు వెనక గీసిన లెక్క చెబుతారు. ఇవాళ పాపకు పదేళ్లు. పద్నాలుగు దాకా ఏ బడి నుంచైనా ఏ బడికైనా దూకొచ్చు, దెబ్బ చిన్నదే. పద్నాలుగుకు తలుపులన్నీ ఒకేసారి బిగుస్తాయి. సీబీఎస్ఈలో తొమ్మిదిలోనే పేరు నమోదవుతుంది. వేరే బోర్డు పిల్లను నేరుగా పదిలో చేర్చుకోవడం అంత తేలిక కాదు. బ్రిటిష్ బడిలో సరిగ్గా అదే వయసుకు ఇయర్ టెన్. ఐజీసీఎస్ఈ రెండేళ్ల కోర్సు అక్కడ మొదలవుతుంది. మధ్యలో దిగిపోతే ఆ చదువు ఎక్కడా అతకదు.

"మరి ఎప్‌సెట్?" ఆయన అందుకుంటారు. ఆఫీసులో రోజూ ఇదే చర్చ. రాజ్యాంగంలోని 371డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థూలంగా చూస్తే, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరసగా మన దగ్గర చదివితేనే లోకల్. వెనక్కి లెక్కపెడితే మళ్లీ తొమ్మిదో తరగతే. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు ఎన్ఐటీల్లో జేఈఈ మెయిన్ ర్యాంకు మీద విడిగా కొన్ని సీట్లున్నాయి. ఏ లెవెల్స్ చదివిన పిల్లలకు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం సమానత్వం ఇస్తుంది. దారులు పూర్తిగా మూసుకుపోవు. కాని ఏ దారి పట్టాలన్నా తొమ్మిదికి ముందు తేల్చుకోవాలి.

ఎక్కేటప్పుడు బడి ఎంత బాగుందో అందరూ చూస్తారు. గల్ఫ్‌లో మాత్రం దిగేచోటు ముందు చూడాలి. ఉద్యోగం మీ చేతిలో లేదు. వీసా ఉద్యోగం చేతిలో ఉంది. ఏదో ఒక నవంబరులో కంపెనీ ప్రాజెక్టు ఆపేస్తే, ఫీజు బాకీ ఉన్న బడి టీసీ ఆపుతుంది. టీసీ లేకపోతే ఇంకో బడి లేదు. అప్పుడు తీర్చాల్సింది 52,000లో భాగమా, 13,000లో భాగమా అన్నది పాప ఎన్నాళ్లు ఇంట్లో కూర్చుంటుందో తేలుస్తుంది. మీ ఆయనది పదేళ్ల గోల్డెన్ వీసా అయితే, పాప కాలేజీ కూడా బయటి దేశంలోనే అని మీరిద్దరూ నమ్మితే, నేను ఆ అద్దాల గది వైపే చెయ్యి చూపించేదాన్ని. అక్కడ పాఠం నిజంగా బాగుంది. తప్పు చెప్పిన పిల్లాణ్ణి మళ్లీ అడిగిన ఆ టీచరును నేనూ మర్చిపోలేను.

"సోమవారం సీటు రాకపోతే?" అంటారు మీ ఆయన.

"అప్పుడు షార్జాలో వెతుకుతాను. అక్కడా రాకపోతే సెప్టెంబరు దాకా నేనే కూర్చోబెట్టి చదివిస్తా."

"నీకు భయంగా లేదా?"

"ఉంది."

మూడు నలభై. మూడు నలభై ఐదు. లింకు ఇంకా తెరపైనే ఉంది. నొక్కితే ఈ రాత్రి నిద్ర పడుతుంది. పాప పక్కన కూర్చుని జ్యూస్ తాగుతోంది. బడి గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగనిది ఆమెనే. అడుగుతారు.

"ఆ బడిలో పరీక్ష బాగుంది," అంటుంది. కాసేపు స్ట్రా కొరుకుతుంది. "ఈ బడిలో నాకు ఫ్రెండ్ ఉంది."

మూడు యాభై. నంబరు నొక్కుతారు. అడ్మిషన్స్ ఆవిడ ఎత్తుతుంది. మాకు ఆ సీటు వద్దండీ, అడుగుతున్న కుటుంబానికి ఇచ్చేయండి అంటారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, గడువులోపే చెప్పినందుకు థాంక్స్ అంటుంది.

పెట్టెయ్యగానే తమ్ముడు.

"అక్కా, బడికి ఫోన్ చేశా. టీసీ ఒరిజినల్ సంతకం మీద ప్రిన్సిపల్ పేరు రబ్బరు స్టాంపు లేదట, అది లేకుండా డీఈవో ఆఫీసులో తీసుకోరు. పొద్దున్నే వేయించుకుని అటే పోతా. ఒరిజినల్ నీ దగ్గరుందా, నా దగ్గరుందా?"

ఫైలు విప్పుతారు. పైనుంచి రెండో కాగితం. ఒరిజినల్ మీ దగ్గరే ఉంది.

"నా దగ్గరే. ఇవాళే కొరియర్ చేస్తా," అని పాపను లేపి, టాక్సీ కోసం చెయ్యెత్తుతారు.